నాన్నగారికి లేజర్ చేయించాలా? కిడ్నీ రాయి, ప్రొస్టేట్ గురించి ఒక యూరాలజిస్ట్ సమాధానం

ప్రశ్న: మా నాన్నగారికి 68 ఏళ్లు, తణుకులో ఉంటారు. షుగర్ ఉంది. రెండేళ్ల కిందట గుండెకు స్టెంట్ వేశారు, ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ రెండూ వాడుతున్నారు. పది రోజుల కిందట ఎడమ నడుము నొప్పితో సీటీ స్కాన్ తీయిస్తే, కిడ్నీ నుంచి బ్లాడర్‌కు వచ్చే గొట్టం పైభాగంలో 9 మిల్లీమీటర్ల రాయి ఉందని, కిడ్నీ కొద్దిగా ఉబ్బిందని తేలింది. ప్రొస్టేట్ 78 గ్రాములు. మందులు వాడుతున్నా రాత్రి నాలుగైదుసార్లు లేస్తారు. ఒక డాక్టరు రెండూ లేజర్‌తోనే చేద్దామన్నారు. ఇంకొకరు ప్రొస్టేట్‌కు కరెంటు తీగతో కోరి తీసే మామూలు టీయూఆర్‌పీ చాలన్నారు. ఖర్చులో చాలా తేడా ఉంది. లేజర్ అంటే రేడియేషనా? లోపల కిడ్నీ కాలిపోదా? మగతనం దెబ్బతింటుందా? వచ్చే నెల కంటి శుక్లం ఆపరేషన్ కూడా ఉంది. నేను డాలస్‌లో ఉన్నాను, ఎవరి మాట వినాలో తెలియక టెన్షన్‌గా ఉంది.

సమాధానం:

ఇరవై ఏడేళ్లుగా ఈ పనిలో ఉన్నాను. మీ నాన్నగారి లాంటివాళ్లు వారానికి ఇద్దరు ముగ్గురైనా వస్తారు. ముందు ఒక మాట: "లేజర్ చేయించాలా వద్దా" అని ఒకే ప్రశ్న అడిగారు గానీ, ఆయనకున్నవి రెండు వేరువేరు జబ్బులు. రాయి లెక్క వేరు, ప్రొస్టేట్ లెక్క వేరు. రాయికి తొందర ఉంది, ప్రొస్టేట్‌కు లేదు. ఇది విడదీసుకుంటే సగం టెన్షన్ తగ్గుతుంది.

రేడియేషన్ భయం తీసేయండి. లేజర్ అంటే వెలుతురే. ఒకే రంగులో, ఒకే దిక్కుకు, చెదరకుండా వెళ్లే వెలుతురు. ఎక్స్‌రేలాగా ఒంటిని దాటుకుంటూ పోదు. మేం ఎక్కువగా వాడే హోల్మియం లేజర్ 2,100 నానోమీటర్ల దగ్గర ఉంటుంది, కంటికి కనపడదు. టీవీలో చూసే ఎర్రని, పచ్చని చుక్క గురి చూసుకోవడానికి పెట్టిన దీపం మాత్రమే. ఆ గదిలో మేం సీసపు కోట్లు వేసుకునేది లేజర్ కోసం కాదు, పక్కనే ఉండే సీ-ఆర్మ్ ఎక్స్‌రే యంత్రం కోసం!

కిడ్నీ కాలదా అన్నది మాత్రం మంచి ప్రశ్న. హోల్మియం వెలుతురును నీళ్లు ఇట్టే పీల్చేసుకుంటాయి. అందుకే లేజర్‌ను లోపలికి మోసుకెళ్లే సన్నని ఫైబర్ కొస నుంచి కండలోకి దిగేది సుమారు అర మిల్లీమీటరే. రాయికి ఆనించి కొడితే రాయి పగులుతుంది, రెండు మిల్లీమీటర్ల అవతలున్న గోడకు ఏమీ కాదు. అయితే వేడి పుడుతుంది, అది నిజం. ఒక్కో దెబ్బలో ఉండే శక్తిని, అంటే జూల్స్‌ను, సెకనుకు పడే దెబ్బలతో గుణిస్తే వాట్లు వస్తాయి. 1 జూల్, 10 దెబ్బలు అంటే 10 వాట్లు. ఇప్పటి యంత్రాల్లో 40, 60 వాట్లు కూడా పెట్టవచ్చు. బొటనవేలంత కూడా లేని చోట 40 వాట్ల బల్బు వెలిగించినట్టు ఊహించుకోండి. కొట్టినంతసేపూ లోపల సెలైన్ పారుతూ ఉంటే వేడి కొట్టుకుపోతుంది. నీళ్లు ఆగితే కొన్ని సెకన్లలోనే కండకు చేటు చేసేంత వేడెక్కుతుంది. యురేటర్‌లో, అంటే కిడ్నీ నుంచి బ్లాడర్‌కు వచ్చే ఆ గొట్టంలో, అనుభవమున్నవాళ్లు పది పన్నెండు వాట్లు దాటకుండా, ఆగి ఆగి కొట్టేది అందుకే. "మా దగ్గర వంద వాట్ల మెషిన్ ఉంది" అని ఎవరైనా గొప్పగా చెబితే, రాయి విషయంలో దానికి మురిసిపోనక్కర్లేదు.

ఇక రాయి. ఐదు మిల్లీమీటర్ల లోపు రాళ్లు చాలావరకు వాటంతటవే పడిపోతాయి. ఐదు నుంచి పది మధ్యవాటిలో సగం పడతాయి, సగం పడవు. 9 అంటే ఆ సగంలోనూ చివర ఉన్నది, పైగా గొట్టం పైభాగంలో ఇరుక్కుంది. కిడ్నీ ఉబ్బింది, మనిషికి షుగర్ ఉంది. దీన్ని వారాల తరబడి చూస్తూ కూర్చోకూడదు. ఎవరో కొండపిండి ఆకు కషాయం చెప్పే ఉంటారు, అరటి దూట రసం కూడా చెబుతారు. పిండికూర మా ఇంట్లోనూ వండుకుంటాం, బాగుంటుంది. కానీ అడ్డంగా ఇరుక్కుని కిడ్నీని ఉబ్బించిన రాయి పప్పులో వేసిన ఆకు కోసం ఆగదు.

మీరు ఫోన్‌లో మొదట అడగాల్సింది లేజర్ గురించి కాదు, జ్వరం, చలి ఉన్నాయా అని. అడ్డుపడిన కిడ్నీలో చీము పడితే అది రాత్రికి రాత్రే ప్రాణం మీదికి వస్తుంది, షుగర్ ఉన్నవాళ్లలో మరీను. అప్పుడు ఏ లేజరూ కొట్టకూడదు. ముందు యురేటర్‌లో స్టెంట్ అనే మెత్తని పైపో (గుండె స్టెంట్ వేరు), నడుము నుంచి చిన్న పైపో వేసి మూత్రానికి దారి చేయాలి, యాంటీబయాటిక్స్ ఇవ్వాలి, జ్వరం తగ్గి, మూత్రంలో సూక్ష్మజీవులున్నాయేమో చూసే కల్చర్ పరీక్ష శుభ్రంగా వచ్చాకే రాయి జోలికి పోవాలి. జ్వరం లేకపోయినా ఆపరేషన్‌కు ముందు యూరిన్ కల్చర్ చేయించకుండా టేబుల్ ఎక్కించే చోటికి పంపకండి. కల్చర్‌కు రెండు మూడు రోజులు పడుతుంది, "ఈరోజు చేరండి, రేపు చేసేద్దాం" అంటే ఆ రిపోర్టు ఎప్పుడు చూస్తారో అడగండి.

షుగర్ వల్ల ఇంకో సంగతి. షుగర్ ఉన్నవాళ్ల మూత్రం పులుపెక్కి ఉంటుంది, వాళ్లలో యూరిక్ యాసిడ్ రాళ్లు ఎక్కువ. ఈ రాళ్లు సీటీలో కనబడతాయి, మామూలు ఎక్స్‌రేలో కనబడవు. ఒక్క ఎక్స్‌రే తీయించి, రాయి అందులో కనబడుతుందో లేదో చూడమనండి. కనబడకపోతే, మూత్రం పీహెచ్ కూడా తక్కువగా ఉంటే (అంటే పులుపు ఎక్కువుంటే), పొటాషియం సిట్రేట్‌తో కరిగే అవకాశం ఉంది. రాళ్లలో మందుతో నమ్మకంగా కరిగేది ఈ జాతి ఒక్కటే. మీ నాన్నగారికి అడ్డు ఉంది కాబట్టి ఆ దారి పట్టినా ముందు స్టెంట్ వేయాల్సిందే, క్రియాటినిన్, పొటాషియం కూడా చూసుకోవాలి. అయినా అడగడంలో తప్పులేదు.

కరిగే జాతి కాకపోతే లేజరే మంచి దారి, ఇందులో నాకు సందేహం లేదు. బయటి నుంచి కొట్టే షాక్ వేవ్ ఉంది. 1980లో మ్యూనిక్‌లో మొదటిసారి మనిషికి వాడారు, అప్పటికి అది అద్భుతమే. కానీ నెత్తురు పలచబడే క్లోపిడోగ్రెల్ వాడుతున్న మనిషికి షాక్ వేవ్ కొడితే కిడ్నీ చుట్టూ నెత్తురు కారి గడ్డగా పేరుకోవచ్చు, కాబట్టి అది వద్దు. లేజర్‌లో కోత లేదు. మూత్రం వచ్చే దారిలోనే సన్నని స్కోప్ పైకి పోనిచ్చి, అందులోంచి వెంట్రుకలు రెండు మూడు కలిపినంత లావుండే ఫైబర్ పంపి కొడతారు. నెత్తురు పలచబడే మందులు నడుస్తున్నా ఇది చేయవచ్చు. కొట్టేటప్పుడు రాయి కిడ్నీలోకి జారిపోవచ్చు, పైభాగపు రాళ్లకు ఇది తరచూ జరిగేదే. అప్పుడు వంగే స్కోప్ కావాలి. అది ఆ ఆసుపత్రిలో ఉందా, దానికి విడిగా బిల్లు వేస్తారా అని ముందే అడిగి పెట్టుకోండి. గొడవలన్నీ ఇక్కడే వస్తాయి.

హోల్మియమా, కొత్తగా వచ్చిన థూలియం ఫైబరా అని కూడా మిమ్మల్ని ఊరిస్తారు. థూలియం ఫైబర్ 1,940 నానోమీటర్ల దగ్గర పనిచేస్తుంది, దాన్ని నీళ్లు ఇంకా బాగా పీలుస్తాయి. రాయిని వెనక్కి తక్కువ నెడుతుంది, పొడి మెత్తగా వస్తుంది, యంత్రం కూడా చిన్నది, మామూలు ప్లగ్గుకు పెట్టుకోవచ్చు. నాకు రెండూ ఇష్టమే. 9 మిల్లీమీటర్ల రాయికి ఆ తేడా కోసం ఊరు మారనక్కర్లేదు. లేజర్ పుట్టింది 1960లో, అప్పుడది రూబీ. 1968లోనే ఆ రూబీతో మూత్రపు రాళ్లు పగలగొట్టి చూశారు. పగిలాయి గానీ పుట్టిన వేడికి మనుషుల్లో వాడే వీల్లేకపోయింది. ఎనభైల్లో రంగు ద్రవంతో పనిచేసే డై లేజర్లు వచ్చాయి, గట్టి సిస్టిన్ రాళ్ల ముందు అవి చేతులెత్తేశాయి. తొంభైల్లో హోల్మియం వచ్చాకే ఏ జాతి రాయైనా పగలడం మొదలైంది.

రాయి తీశాక డీజే స్టెంట్ వేస్తారు. కిడ్నీ నుంచి బ్లాడర్ దాకా ఉండే మెత్తని పైపు. దీని గురించి ఎవరూ సరిగా చెప్పరు, ఇంటికెళ్లాక నాకు ఫోన్లు వచ్చేవన్నీ దీని గురించే. మాటిమాటికీ మూత్రం వస్తుంది, పోసేటప్పుడు నడుములో గుంజినట్టుంటుంది, నాలుగు అడుగులు ఎక్కువ నడిస్తే ఎర్రగా వస్తుంది. ఆపరేషన్ ఫెయిలైందని ఇంటిల్లిపాదీ కంగారుపడతారు. ఫెయిల్ కాదు, అది స్టెంట్ పెట్టే బాధ. తీశాక పోతుంది. తీయించుకోవడం మరిచిపోవడమే అసలు ప్రమాదం. ఒకాయన రెండేళ్ల తర్వాత వచ్చాడు. నొప్పి తగ్గిందని, పొలం పనుల్లో పడి మళ్లీ ఆసుపత్రి గడప తొక్కలేదు. స్టెంట్ రెండు చివర్లా కోడిగుడ్డంత రాయి పట్టేసింది. దాన్ని బయటికి తీయడానికి మూడు ఆపరేషన్లు పట్టాయి. మీరు డాలస్‌లో ఉన్నా ఈ ఒక్క పని మీ వంతు పెట్టుకోండి: స్టెంట్ వేసిన తేదీ, తీయాల్సిన తేదీ మీ ఫోన్‌లో అలారం పెట్టండి. మామూలుగా రెండు నుంచి నాలుగు వారాలు, ఎంత ఆలస్యమైనా మూడు నెలలు దాటకూడదు. స్టెంట్ ఉన్నన్నాళ్లూ చలితో 100.4 దాటి జ్వరం వస్తే తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలని అమ్మగారికి చెప్పి ఉంచండి.

ఇప్పుడు ప్రొస్టేట్. ఇక్కడ ఇద్దరు డాక్టర్లూ తప్పు చెప్పలేదు.

టీయూఆర్‌పీ అంటే కోరాముతో కొబ్బరి కోరడం లాంటిది. కరెంటు తీగతో పెరిగిన కండను పొరలు పొరలుగా కోరి తీస్తారు. దశాబ్దాలుగా నిలబడిన ఆపరేషన్, 80 గ్రాముల దాకా చాలామంది హాయిగా చేస్తారు. హోలెప్ అంటే చిప్పకూ కొబ్బరికీ మధ్య కత్తి దూర్చి కొబ్బరిని మొత్తంగా ఊడదీయడం. హోల్మియం లేజర్‌తో పెరిగిన కండను తొడుగు నుంచి విడదీసి బ్లాడర్‌లోకి నెట్టి, అక్కడ మార్సెలేటర్ అనే యంత్రంతో తురిమి పీల్చేస్తారు. పూర్వం పొట్ట కోసి వేలితో తీసేదాన్నే ఇప్పుడు కోత లేకుండా చేస్తున్నామన్నమాట. న్యూజిలాండ్‌లో పీటర్ గిల్లింగ్ బృందం తొంభైల్లో దీన్ని రూపుదిద్దింది. వంద, నూటయాభై గ్రాముల ప్రొస్టేట్ అయినా ఇలా తీయవచ్చు. ఇంకోటి గ్రీన్ లైట్. 532 నానోమీటర్ల పచ్చని వెలుతురును నెత్తురు పీల్చుకుంటుంది, కండ ఆవిరైపోతుంది. నెత్తురు కారడం తక్కువే, కానీ బయాప్సీకి పంపడానికి ముక్క మిగలదు. అందుకే అది నాకు రెండో ఎంపిక.

నేను లేజర్ భక్తుణ్ణి కాదని కూడా చెప్పాలి. పీజీ రోజుల్లో ఎన్‌డీ-యాగ్ లేజర్‌తో ప్రొస్టేట్‌ను కాల్చడం చూశాను. చుక్క నెత్తురు కారేది కాదు, అందరం ముచ్చటపడ్డాం. ఆ లేజర్ కండలోకి మిల్లీమీటర్ల లోతు దిగుతుంది. కాలిన కండ లోపలే కుళ్లి వారాల తరబడి ముక్కలుగా రాలేది, పేషెంట్లు పైపుతో తిరుగుతూ మంటకు ఏడ్చేవారు. ఆ పద్ధతి మూలపడింది. తర్వాత చాలా ఏళ్లు లేజర్ అంటే చాలు, నేను మొహం తిప్పుకునేవాణ్ణి. హోలెప్ నేర్చుకోవడానికీ ఆలస్యం చేశాను. అది నా పొరపాటే.

మీ నాన్నగారి విషయంలో నా మొగ్గు లేజర్ వైపే. సైజు ఒక్కదాన్నే చూస్తే 78 గ్రాములకు టీయూఆర్‌పీ సరిపోతుంది. మొగ్గు వచ్చింది గుండె స్టెంట్ వల్ల. నెత్తురు పలచబడే మందులు వాడేవాళ్లలో హోలెప్‌కు, థూలియం పద్ధతికి, గ్రీన్ లైట్‌కు నెత్తురు పోయే ఇబ్బంది తక్కువ. పైగా లేజర్‌లో వాడేది సెలైన్. పాతరకం టీయూఆర్‌పీలో గ్లైసిన్ నీళ్లు ఒంట్లోకి ఎక్కి సోడియం పడిపోయే ప్రమాదం ఉండేది. ఇప్పుడు బైపోలార్ టీయూఆర్‌పీలోనూ సెలైనే వాడతారు, కాబట్టి రెండో డాక్టరుగారు చేసేది ఏ రకమో అడగండి. గుండె డాక్టరుగారిని అడగకుండా ఒక్క మాత్ర కూడా ఆపవద్దు. రెండేళ్లయింది కాబట్టి క్లోపిడోగ్రెల్‌ను ఐదు రోజుల ముందు ఆపి ఆస్పిరిన్ కొనసాగించమని చెప్పవచ్చు. ఆ నిర్ణయం ఆయనదే, కాగితం మీద రాయించుకోండి.

కానీ ఇక్కడే ఒక మెలిక ఉంది. హోలెప్ చేయి తిరగడానికి చాలాకాలం పడుతుంది. నలభై యాభై కేసులు చేసేదాకా చేతికి రాదని మాలో అందరూ ఒప్పుకుంటారు. మొదట్లో చేసేవాళ్లకు తొడుగు చిరగడం, మార్సెలేటర్ బ్లాడర్ గోడను పట్టేయడం లాంటివి జరుగుతాయి. పది హోలెప్‌లు చేసిన డాక్టరు కన్నా వెయ్యి టీయూఆర్‌పీలు చేసిన డాక్టరు చేతిలో మీ నాన్నగారు క్షేమంగా ఉంటారు. "సార్, మీరు ఇప్పటిదాకా ఎన్ని చేశారు?" అని అడగండి. కోపం తెచ్చుకునే డాక్టరైతే మీకు జవాబు దొరికినట్టే.

అసలు ఆపరేషన్‌కు ముందు మూడు పరీక్షలు అయ్యాయో లేదో కనుక్కోండి. పీఎస్‌ఏ అనే నెత్తురు పరీక్ష ఒకటి. ఇది క్యాన్సర్ కోసం, ఎందుకంటే ఈ లేజర్లు క్యాన్సర్ వైద్యం కాదు. ప్రొస్టేట్‌ను కుదించే డ్యూటాస్టెరైడ్ లేదా ఫినాస్టెరైడ్ ఆరు నెలలుగా వాడుతుంటే పీఎస్‌ఏ సగానికి పడిపోతుంది, రిపోర్టులో 2.5 ఉంటే అది 5 అనుకుని చూడాలి. రెండోది యూరోఫ్లో, ధార సెకనుకు 10 మిల్లీలీటర్ల లోపు ఉంటే అడ్డు ఉండే అవకాశం ఎక్కువ. మూడోది పోసిన తర్వాత బ్లాడర్‌లో ఎంత మిగులుతోందో చూసే స్కాన్. ఏళ్ల తరబడి షుగర్ ఉన్నవాళ్లలో బ్లాడర్ కండే నీరసించి ఉంటుంది. అప్పుడు ప్రొస్టేట్‌ను ఎంత బాగా తీసినా ధార రాదు, నింద ఆపరేషన్ మీద పడుతుంది. అనుమానముంటే బ్లాడర్ కండ బలాన్ని కొలిచే యూరోడైనమిక్స్ పరీక్ష చేయించాలి. అన్నట్టు, షుగర్‌కు డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటివి వాడుతున్నారేమో చూడండి. అవి చక్కెరను మూత్రంలోకి తోసేస్తాయి, రాత్రి లేవడంలో కొంత వాటా వాటిదీ కావచ్చు. మత్తు ఇచ్చే ఏ ఆపరేషన్‌కైనా మూడు రోజుల ముందు ఆపాలి కూడా. షుగర్ డాక్టరుగారితో మాట్లాడి ఆపండి.

మగతనం సంగతి. అంగస్తంభన మామూలుగా దెబ్బతినదు. వీర్యం మాత్రం బయటికి రాకుండా వెనక్కి బ్లాడర్‌లోకి పోతుంది, హోలెప్ తర్వాత ఎక్కువమందిలో ఇది జరుగుతుంది, టీయూఆర్‌పీలోనూ అంతే. హాని లేదు, మూత్రంతో పోతుంది. ఇది మీ ముందు ఆయన అడగలేరు. డాక్టరుగారితో ఆయన్ను ఒక్కరినే పది నిమిషాలు కూర్చోనివ్వండి. ఇంకోటి, హోలెప్ తర్వాత కొన్ని వారాలు దగ్గినా లేచినా చుక్కలు పడవచ్చు. కటి కండరాలు బిగించే కీగల్ వ్యాయామం ఆపరేషన్‌కు ముందే మొదలుపెడితే త్వరగా సర్దుకుంటుంది. కొద్దిమందిలో నెలలు పడుతుంది.

రెండూ ఒకేసారి చేయవచ్చా అంటే, చేయవచ్చు, చేస్తారు కూడా. నేనైతే ఈ మనిషికి చేయను. ముందు రాయి తీసి, స్టెంట్ తీసేసి, గుండె మందుల లెక్క తేల్చుకుని, ఆ తర్వాత ప్రొస్టేట్. ఖర్చు సంగతికొస్తే, రాళ్ల చికిత్స, టీయూఆర్‌పీ ప్రభుత్వ ఆరోగ్య పథకంలో ఉన్నాయి. లేజర్‌కు ఆ ఆసుపత్రి పైన ఎంత వేస్తుందో అక్కడి ఆ పథకం కౌంటర్‌లో ముందే తేల్చుకోండి.

లేజర్ పేరు చెప్పి మా విభాగంలో అమ్మేవి ఇంకా చాలా ఉన్నాయి. సున్తీకి లేజర్ అని బోర్డులుంటాయి, నేను చూసినంతలో లోపల వాడేది చాలాసార్లు స్టేప్లరో కరెంటు కాటరీయో. మర్మాంగం మీది పులిపిర్లకు కార్బన్ డయాక్సైడ్ లేజర్ నిజంగానే పనికొస్తుంది. దాన్ని 1964లో కనిపెట్టింది బారామతిలో పుట్టిన కుమార్ పటేల్ అని మా జూనియర్లకు చెబితే నమ్మరు. దగ్గితే మూత్రం పడే ఆడవాళ్లకు లేజర్ అని ప్రచారం చేసేవాళ్ల మీద మాత్రం 2018లోనే అమెరికా ఎఫ్‌డీఏ హెచ్చరిక ఇచ్చింది. మీ అమ్మగారికి ఎవరైనా చెబితే వద్దనండి.

రాయి తీశాక దాని ముక్క ఒకటి పరీక్షకు పంపమని ఓటీలోకి వెళ్లకముందే చెప్పండి. మొత్తం పొడి చేసేస్తే పంపడానికి ఏమీ మిగలదు. ఏ రాయో తెలిస్తేనే మందు తెలుస్తుంది. ఈలోగా రోజుకు రెండున్నర లీటర్ల మూత్రం వచ్చేంత నీళ్లు తాగాలి. గుండె డాక్టరుగారు నీళ్లు తగ్గించమని చెప్పి ఉంటే ఆయన మాటే చెల్లుతుంది. ఆవకాయ, అప్పడాలు తగ్గించాలి, ఉప్పు రాళ్లను పెంచుతుంది. పాలు, పెరుగు మానిపించకండి, క్యాల్షియం తగ్గిస్తే రాళ్లు ఎక్కువవుతాయి. టమాటా గింజలు పాపం ఏ తప్పూ చేయలేదు. పాలకూర మాత్రం రోజూ వద్దు.

చివరగా, శుక్లం ఆపరేషన్ అన్నారు కదా. ప్రొస్టేట్‌కు ఇస్తున్న మందు టామ్సులోసిన్, సిలోడోసిన్ లాంటిదైతే ఈ మాట ఈరోజే కంటి డాక్టరుగారికి ఫోన్ చేసి చెప్పండి. ఈ మందు వల్ల ఆపరేషన్ మధ్యలో కంటిపాప సరిగా విచ్చుకోకపోవచ్చు, దాని చుట్టూ ఉండే ఐరిస్ వదులుగా కదిలిపోవచ్చు. ముందే తెలిస్తే వాళ్లు దానికి తగ్గట్టు సిద్ధమవుతారు. రెండు రోజుల ముందు మందు ఆపినా లాభం లేదు, కాబట్టి సొంతంగా ఆపకండి, మందు పేరు చీటీ మీద రాసి పంపండి చాలు.